క్షమించాక మొదలయ్యే పని

తప్పు చేసినవాడిని క్షమించమంటుంది క్రైస్తవం. జైలు గేటు దాటి వచ్చినవాడికి ఆసరా ఇచ్చేదెవరు? బాధితులు ఇవ్వని క్షమను సర్కారు ఇచ్చేస్తే దాన్ని ఏమనాలి? దక్షిణ గుజరాత్ నుంచి ఒడిశా, మధ్యప్రదేశ్, కర్నూలు దాకా పాతికేళ్ళ అనుభవాలు చెబుతున్నదేమిటి?

సూరత్ వజ్రాల బజారులో రసీదు కంటే మాటకు విలువెక్కువ. మహీధర్‌పురా సందుల్లో, వరాఛాలోని మినీ బజార్‌లో లక్షల రూపాయల సరుకు చిన్న కాగితపు పొట్లాల్లో చేతులు మారుతుంది. కొనేవాళ్ళకు చూపించడానికి దళారి వజ్రాలు తీసుకెళ్ళాలంటే 'జంగడ్' అనే చీటీ మీద సంతకం పెడితే చాలు. సరుకు అమ్ముడైతే డబ్బు, లేకపోతే పొట్లం వెనక్కి. ప్రపంచంలో సానపట్టే వజ్రాల్లో పదింట తొమ్మిది ఈ నగరం చేతుల మీదుగానే పోతాయని అంచనా. అంత వ్యాపారానికీ పునాది నమ్మకమే. ఒక్కసారి మాట తప్పాడన్న పేరు పడితే ఆ మనిషి చేతిలో ఎవరూ పొట్లం పెట్టరు.

ఇదే సూరత్ శివార్లలో లాజ్‌పోర్ సెంట్రల్ జైలు ఉంది. అక్కడా ఖైదీల చేత వజ్రాలకు సాన పట్టించే పని పెట్టారు. పని నేర్చుకున్న ఖైదీకి నాలుగు డబ్బులు చేతికొస్తాయి, ఇంటికీ పంపుకోవచ్చు. చిక్కల్లా విడుదలయ్యాకే. దొంగతనం కేసులోనో హత్య కేసులోనో శిక్ష అనుభవించి వచ్చినవాడికి ఈ బజారులో జంగడ్ మీద సరుకిచ్చేదెవరు? తెలంగాణ జిల్లాల నుంచి వలస వచ్చిన పద్మశాలీలు మరమగ్గాలు నడుపుతున్న పేటల్లో అయినా అంతే. కొత్తవాడికి పని దొరకాలంటే తెలిసినవాళ్ళెవరో ఒక మాట చెప్పాలి. జైలు నుంచి వచ్చినవాడి తరఫున ఆ మాట చెప్పేవాళ్ళు తక్కువ.

చేతిపని నేర్పడం జైలుకు చేతనవుతుంది. నమ్మకం ఇప్పించడం దానికి చేతకాదు. క్షమ గురించి మతాలు చెప్పేదానికీ, సమాజం చేసేదానికీ మధ్య ఎంత దూరముందో తెలిసేది అక్కడే. శత్రువును ప్రేమించమని, ఏడుసార్లతో సరిపెట్టకుండా లెక్క చూసుకోకుండా క్షమిస్తూ పొమ్మని బోధించే క్రైస్తవానికి ఇది మరీ పెద్ద పరీక్ష. గత మూడు దశాబ్దాల్లో ఈ దేశంలో కొందరు ఆ పరీక్షకు నిలబడ్డారు. వాళ్ళ అనుభవాలు గమనిస్తే ఒకటి స్పష్టమవుతుంది. క్షమించానన్న మాట ఒక్క క్షణంలో అనేయవచ్చు. దాని వెంట వచ్చే పనికి ఏళ్ళు పడుతుంది.

మంటల నడుమ ఒక మాట

దక్షిణ గుజరాత్‌కు క్రైస్తవం నిన్న మొన్న వచ్చింది కాదు. తెలుగునాట 1805లో విశాఖపట్నంలో అడుగుపెట్టిన లండన్ మిషనరీ సొసైటీయే మరో పదేళ్ళకు, అంటే 1815లో, సూరత్‌లో కేంద్రం తెరిచింది. అక్కడి మిషన్ అచ్చుకూటం నుంచి గుజరాతీ పుస్తకాలు వెలువడ్డాయి. 1840ల్లో ఐర్లండ్ ప్రెస్బిటేరియన్లు ఆ పనిని అందుకున్నారు. నగరంలో వ్యాపారుల నడుమ ప్రశాంతంగానే సాగిన ఆ చరిత్ర సూరత్‌కు ఆగ్నేయంగా ఉన్న ఆదివాసీ కొండల్లో ఇరవయ్యో శతాబ్దం చివరికి వచ్చేసరికి రాజకీయ వివాదంగా మారింది. 1998 క్రిస్మస్ రోజున డాంగ్స్ జిల్లా కేంద్రం ఆహ్వాలో హిందూ జాగరణ్ మంచ్ ప్రదర్శన జరిగింది. ఆ వెంటనే దాడులు మొదలయ్యాయి. మిషన్ పాఠశాల మీద రాళ్ళు పడ్డాయి. తర్వాతి రోజుల్లో ఊరూరా ప్రార్థన మందిరాలు తగలబడ్డాయి.

1999 జనవరి 10న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజ్‌పేయి డాంగ్స్ వచ్చారు. మత మార్పిళ్ళపై జాతీయ చర్చ జరగాలన్నారు. ఆ మాట అని రెండు వారాలైనా తిరగలేదు. జనవరి 22 అర్ధరాత్రి దాటాక ఒడిశాలోని కియోంజర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఒక స్టేషన్ వ్యాగన్‌కు నిప్పు పెట్టారు. లోపల నిద్రపోతున్న ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్, పదేళ్ళ ఫిలిప్, అంతకంటే చిన్నవాడైన తిమోతి సజీవ దహనమయ్యారు. స్టెయిన్స్ 1965లో ఒడిశా వచ్చారు. బారిపదలో కుష్ఠు రోగుల ఆశ్రమం నడిపారు. ఒడియాలో ధారాళంగా మాట్లాడేవారు.

భర్తను, ఇద్దరు కొడుకులను ఒకే రాత్రి పోగొట్టుకున్న గ్లాడిస్ స్టెయిన్స్ అప్పుడు అన్నమాట దేశాన్ని నివ్వెరపరిచింది. హంతకులను క్షమించానని, వారి మీద తనకు ద్వేషం లేదని ఆమె ప్రకటించారు. ఆ మాటతో సరిపెట్టి కూతురు ఎస్తేర్‌ను తీసుకుని వెంటనే ఆస్ట్రేలియా వెళ్ళిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె వెళ్ళలేదు. మరో అయిదేళ్ళు బారిపదలోనే ఉండి కుష్ఠు ఆశ్రమం చూసుకున్నారు. భర్త పేరిట ఆసుపత్రి ఏర్పాటయ్యాక 2004లో స్వదేశం వెళ్ళారు. మరుసటి ఏడాది భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

అయితే గ్లాడిస్ వైఖరిలో చాలామంది పట్టించుకోని పార్శ్వం ఒకటుంది. క్షమించాను కాబట్టి కేసు ఎత్తేయమని ఆమె అడగలేదు. క్షమ వేరు, నేరానికి చట్టం విధించే ఫలితం వేరని, ఆ రెంటినీ కలపకూడదని ఆమె ఉద్దేశం. ఉరి వేయమని పట్టుబట్టలేదు, వదిలేయమని వేడుకోలేదు. తన మనసులో జరగాల్సింది తాను చేశారు, కోర్టులో జరగాల్సింది కోర్టుకు వదిలేశారు.

ఇది బలహీనత కాదా అని అప్పట్లో అడిగినవారున్నారు. మైనారిటీలు క్షమిస్తూ పోతే దాడి చేసేవాళ్ళకు భయమెక్కడుంటుందన్నది వారి వాదన. దానికి జవాబు ఒడిశాలోనే ఉంది. 2008లో కంధమాల్ హింసలో ఇళ్ళు, ఆప్తులు పోగొట్టుకున్న క్రైస్తవులు ప్రార్థనలు చేస్తూనే ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. ఫలితంగా 2016 ఆగస్టులో సుప్రీంకోర్టు పరిహారం పెంచమంది, పోలీసులు మూసేసిన 315 కేసులను మళ్ళీ పరిశీలించమంది. వాళ్ళ దృష్టిలో క్షమించడానికీ న్యాయం అడగడానికీ వైరుధ్యం లేదు.

పూచీ పడ్డ అపొస్తలుడు

క్షమ అనగానే తెలుగు క్రైస్తవులకు ముందు గుర్తొచ్చేది తప్పిపోయిన కుమారుడి కథ. ఆస్తి తగలేసి, చిరిగిన బట్టలతో తిరిగొచ్చిన కొడుక్కి తండ్రి ఎదురెళ్ళి కౌగిలించుకుంటాడు. ఆదివారం బడి పిల్లలకు కూడా కంఠతా వచ్చిన కథే. కానీ తప్పు చేసినవాడికి సాయపడటం అనే అంశం మీద బైబిల్లో ఇంతకంటే ఆచరణాత్మకమైన పత్రం మరొకటుంది. అది ఒక పేజీ మించని ఉత్తరం. చర్చిలో దాని మీద ప్రసంగాలు అరుదు.

ఆ ఉత్తరం పౌలు జైలు నుంచి తన మిత్రుడు ఫిలేమోనుకు రాసింది. ఒనేసిము అనే బానిస ఫిలేమోను ఇంటి నుంచి వెళ్ళిపోయి పౌలును చేరాడు. యజమానికి అతను ఏదో నష్టం కూడా చేసి ఉండవచ్చని ఉత్తరాన్ని బట్టి అనిపిస్తుంది. పౌలు అతన్ని దాచిపెట్టుకోలేదు, చెడామడా తిట్టి తరిమేయనూ లేదు. ఉత్తరం చేతికిచ్చి వెనక్కి పంపాడు. అతన్ని ఇక బానిసగా కాక సోదరుడిలా చేర్చుకోమని కోరాడు. అంతటితో ఆగకుండా, అతను బాకీ పడింది ఏమన్నా ఉంటే దాన్ని తన ఖాతాలో వేసుకోమని, తానే తీరుస్తానని స్వహస్తంతో రాసిచ్చాడు.

సూరత్ వ్యాపారి భాషలో చెప్పాలంటే పౌలు ఒనేసిముకు జామీను ఉన్నాడు. ఈ ఉత్తరంలో మూడు సంగతులున్నాయి. తప్పు చేసినవాడు నష్టపోయినవాడి ముఖం చూడాలి. నష్టపోయినవాడిని ఒప్పించాలి తప్ప బలవంతపెట్టకూడదు. మధ్యవర్తి ఉత్త సలహాతో సరిపెట్టకుండా తన జేబులో చేయి పెట్టాలి. ఈ మూడింటిలో ఏది తగ్గినా క్షమ మాటల దగ్గరే ఆగిపోతుంది. ఆ ఉత్తరం బానిసత్వాన్ని నేరుగా ఖండించలేదన్న విమర్శ ఉంది. అది న్యాయమైన విమర్శే. కానీ దెబ్బతిన్న సంబంధాన్ని అతికించడానికి ఎంత ఖర్చవుతుందో ఆ ఉత్తరానికి తెలుసు.

జైల్లో రాఖీ

ఆ మూడు సంగతులూ ఒక్కచోట కనిపించే ఉదంతం గుజరాత్ సరిహద్దు అవతల మధ్యప్రదేశ్‌లో జరిగింది. కేరళలోని ఎర్నాకుళం జిల్లా పుల్లువళి గ్రామంలో 1954లో పుట్టిన రాణి మరియా ఫ్రాన్సిస్కన్ క్లారిస్ట్ సభలో సన్యాసిని. ఉదయ్‌నగర్ ప్రాంతంలో భూమి లేని కూలీలను సంఘాలుగా కూడగట్టారు. పొదుపు చేయడం నేర్పారు, ప్రభుత్వ పథకాలు రాబట్టుకోవడం నేర్పారు. వడ్డీ వ్యాపారుల అవసరం తగ్గింది. అది వారికి కంటగింపయింది.

1995 ఫిబ్రవరి 25న ఆమె ఇండోర్ బస్సెక్కారు. దారిలో సముందర్ సింగ్ అనే యువకుడు బస్సులోనే కత్తితో దాడి చేశాడు. తోటి ప్రయాణికుల కళ్ళెదుటే యాభైకి పైగా పోట్లు పొడిచి చంపాడు. ఊరి పెద్దల ప్రోద్బలంతో ఆ పని చేసిన సముందర్‌కు యావజ్జీవ శిక్ష పడింది. జైలుకు చేరాక, ఉసిగొల్పినవాళ్ళు తనను వదిలేశారన్న కసితో రగిలిపోయాడు. బయటికొస్తే మరో హత్య చేయాలన్నదే అతని ఆలోచన.

అతన్ని మార్చింది ఒక్క రోజులో జరిగిన అద్భుతమేమీ కాదు. స్వామి సదానంద్‌గా పేరొందిన కేథలిక్ ఫాదర్ ఒకరు పదే పదే జైలుకు వెళ్ళి అతన్ని కలిశారు. ఆ తర్వాత 2002 ఆగస్టులో హతురాలి చెల్లెలు, తానూ అదే సభలో సన్యాసిని అయిన సెల్మీ పాల్ జైలుకొచ్చి సముందర్ చేతికి రాఖీ కట్టారు. అక్కను చంపిన చేతికే చెల్లెలు రాఖీ కట్టిందన్న వార్త ఇండోర్‌ను కదిలించింది. మరుసటి ఏడాది తల్లి ఎలీశ్వ కేరళ నుంచి వచ్చారు. తన బిడ్డ నెత్తురు అంటిన ఆ చేతులను ముద్దాడారు.

ఎంచుకున్న గుర్తు గమనించదగ్గది. శిలువ కాదు, ప్రార్థన పుస్తకం కాదు, రాఖీ. నేరస్తుడికి అర్థమయ్యే భాషలో, అతని సంస్కృతిలోని గుర్తుతోనే క్షమ చేరింది. అది మతంలోకి లాగే ఎత్తుగడ అని అనుమానించే వీలు కూడా లేకుండా పోయింది.

కుటుంబం అక్కడితో ఆగలేదు. సముందర్‌ను ముందుగా విడుదల చేయడానికి తమకు అభ్యంతరం లేదని అధికారులకు తెలిపింది, అందుకోసం ప్రయత్నించింది. పదకొండేళ్ళ జైలు తర్వాత 2006లో అతను విడుదలయ్యాడు. 2007 జనవరిలో కేరళ వెళ్ళి పుల్లువళిలో ఆ ఇంటి గడప తొక్కాడు. తల్లిదండ్రులను క్షమాపణ కోరాడు. సొంత ఊరికి తిరిగొచ్చి వ్యవసాయం చేసుకున్నాడు. ఉదయ్‌నగర్‌లోని రాణి మరియా సమాధి దగ్గరికి వెళ్ళడం అలవాటు చేసుకున్నాడు. 2017 నవంబర్ 4న ఇండోర్‌లో ఆమెను 'ధన్యురాలు'గా ప్రకటించినప్పుడు ఆ జనంలో అతనూ ఉన్నాడు.

మొదటి పరామర్శ నుంచి విడుదల దాకా లెక్కేస్తే ఏళ్ళు పట్టిన వ్యవహారమిది. ప్రయాణాలు, అర్జీలు, అధికారుల చుట్టూ తిరగడం. క్షమకు ఇంత కాగితం పని ఉంటుందని ప్రసంగాల్లో ఎవరూ చెప్పరు.

ఇలాంటిదే మరొకటి దక్షిణాఫ్రికాలో జరిగింది. 1993లో కేప్‌టౌన్ దగ్గర ఒక నల్లజాతి వాడలో అమెరికన్ విద్యార్థిని ఏమీ బీల్‌ను గుంపు కొట్టి చంపింది. వర్ణవివక్షకు వ్యతిరేకంగా పనిచేస్తున్న అమ్మాయి ఆమె. శిక్ష పడిన నలుగురు యువకులు ఆర్చిబిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన ఏర్పడిన సత్యం, సామరస్యం కమిషన్ ముందుకొచ్చి చేసింది చెప్పుకున్నారు. తల్లిదండ్రులు లిండా, పీటర్ బీల్ వారి క్షమాభిక్షను వ్యతిరేకించలేదు. 1998లో విడుదలైన ఆ నలుగురిలో ఇద్దరికి తర్వాత కూతురి పేరిట పెట్టిన సంస్థలోనే ఉద్యోగాలిచ్చారు. ఆ కమిషన్ అడిగినవాళ్ళందరినీ వదిలేయలేదు. ఏడు వేలకు పైగా దరఖాస్తులొస్తే క్షమాభిక్ష దొరికింది 849 మందికి. నిజం మొత్తం చెప్పడం అక్కడ మొదటి షరతు.

సర్కారు దయ, బాధితుల గోడు

బాధితులు క్షమిస్తే ఒక కథ. వారిని అడగకుండా ప్రభుత్వం శిక్ష తగ్గిస్తే మరో కథ. జైలు శిక్ష తగ్గించే అధికారం చట్టం ప్రకారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. రాజ్యాంగం 161వ అధికరణ కింద గవర్నర్‌కు క్షమాభిక్ష అధికారం ఉంది, 72వ అధికరణ కింద రాష్ట్రపతికి ఉంది. మనిషి మారగలడన్న నమ్మకమే వీటికి మూలం. ఆ నమ్మకం మంచిదే. దాన్ని వాడే చేతులే ఒక్కోసారి అనుమానం పుట్టిస్తాయి.

తెలుగువారికి కర్నూలు జిల్లా ఉదాహరణ గుర్తుండే ఉంటుంది. ప్రత్యర్థి పార్టీవారి హత్య కేసులో పదేళ్ళ శిక్ష పడిన కాంగ్రెస్ నాయకుడు గౌరు వెంకటరెడ్డికి 2005లో నాటి గవర్నర్ సుశీల్ కుమార్ షిండే మిగతా శిక్ష తగ్గించారు. ఎన్నికల్లో ప్రభుత్వం మారాక అధికారుల నివేదికల స్వరం కూడా మారింది. అతను మంచి కాంగ్రెస్ కార్యకర్త అన్న మాట నివేదికలోకి ఎక్కింది. హతుల కొడుకులు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 2006 అక్టోబర్‌లో జస్టిస్ అరిజిత్ పసాయత్, జస్టిస్ ఎస్.హెచ్.కపాడియాల ధర్మాసనం ఆ ఉత్తర్వును కొట్టేసింది. కులం, మతం, పార్టీ చూసి క్షమాభిక్ష ఇవ్వడం కుదరదని తేల్చి చెప్పింది. సముందర్ సింగ్ ఇండోర్ జైలు నుంచి బయటికొచ్చింది కూడా 2006లోనే. ఒకచోట హతురాలి కుటుంబమే విడుదల కోరింది. మరోచోట హతుల కొడుకులు విడుదలను ఆపడానికి ఢిల్లీ దాకా వెళ్ళాల్సి వచ్చింది.

గుజరాత్‌లో ఇదే ఇంకా నిర్దయగా జరిగింది. 2002 అల్లర్లలో సామూహిక అత్యాచారానికి గురై, కళ్ళెదుటే కుటుంబాన్ని పోగొట్టుకున్న బిల్కిస్ బానో కేసులో యావజ్జీవ శిక్ష పడిన 11 మందిని గుజరాత్ ప్రభుత్వం 2022 ఆగస్టు 15న విడుదల చేసింది. గోధ్రా జైలు బయట వారికి పూలదండలు వేశారు, మిఠాయిలు పంచారు. ఈ నిర్ణయం తీసుకునే ముందు తన భద్రత గురించి ఎవరూ అడగలేదని బిల్కిస్ వాపోయారు. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదల రద్దు చేసింది. దోషులు మళ్ళీ జైలుకెళ్ళారు. పశ్చాత్తాపం లేనివాడి మెడలో పడే దండ బాధితురాలికి రెండో గాయం.

మనోహర్‌పూర్ కేసు కూడా చివరికి ఈ దారిలోకే వచ్చింది. ప్రధాన దోషి దారా సింగ్‌కు 2003లో పడిన మరణశిక్షను 2005లో ఒరిస్సా హైకోర్టు యావజ్జీవంగా మార్చింది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. తనను ముందుగా విడుదల చేయాలంటూ దారా సింగ్ వేసిన పిటిషన్‌పై 2024 జూలైలో ఒడిశా ప్రభుత్వానికి సుప్రీంకోర్టు నోటీసిచ్చింది. యవ్వనావేశంలో చేసిన పనికి పశ్చాత్తాపపడుతున్నట్టు అందులో పేర్కొన్నారు. సహదోషి మహేంద్ర హెంబ్రామ్ సత్ప్రవర్తన కింద 2025 ఏప్రిల్ 16న కియోంజర్ జైలు నుంచి విడుదలయ్యాడు. బయటికి రాగానే తనను తప్పుడు కేసులో ఇరికించారన్నాడు. విశ్వహిందూ పరిషత్ నాయకుడొకరు దీన్ని శుభదినంగా అభివర్ణించారు.

పాతికేళ్ళ శిక్ష అనుభవించినవాడిని వదలడం చట్టరీత్యా తప్పు కాదు. క్రైస్తవ దృష్టిలోనూ తప్పు కాదు. కానీ గ్లాడిస్ స్టెయిన్స్ 1999లో ఇచ్చిన క్షమ ఆ రోజు జైలు గేటు దగ్గర ఎవరూ అందుకోకుండానే ఉండిపోయింది. తప్పు చేశానని ఒప్పుకోనివాడికి క్షమతో పనేముంటుంది? క్షమించడానికి బాధితులు ఒక్కరు చాలు. సముందర్ సింగ్ పుల్లువళి దాకా చేసినలాంటి ప్రయాణానికి మాత్రం ఇద్దరూ కావాలి.

గోడల చాటు క్షమ

క్షమ పేరు చెప్పి చర్చి కూడా తప్పులు చేసింది. పిల్లలపై లైంగిక అకృత్యాలకు పాల్పడిన ఫాదర్లను ఒక విచారణ నుంచి మరో విచారణకు మార్చి గుట్టుగా కాపాడిన సంగతి 2002లో అమెరికాలోని బోస్టన్‌లో బయటపడింది. ఆ ఏడాది డిసెంబర్‌లో అక్కడి కార్డినల్ బెర్నార్డ్ లా రాజీనామా చేయాల్సి వచ్చింది. పాపం ఒప్పుకున్నాడు, ప్రాయశ్చిత్తం చేసుకున్నాడు, ఇక పోలీసులెందుకన్న ధోరణి బిషప్పులది. క్షమించే హక్కున్న పిల్లలను మాత్రం ఎవరూ అడగలేదు. అలాంటి కేసులకు వాటికన్ రహస్య ముసుగు తొలగించడానికి 2019 దాకా పట్టింది.

ఇళ్ళలోనూ ఈ ప్రమాదం ఉంది. తాగొచ్చి కొట్టే భర్తను క్షమించి కాపురానికి వెళ్ళమని భార్యకు చెప్పే పెద్దమనుషులు అన్ని మతాల్లోనూ ఉన్నారు. చర్చి పెద్దలైతే దానికి వాక్యం జోడిస్తారు. బలవంతుడు బలహీనుడి చేత చెప్పించే క్షమకు, గ్లాడిస్ తనంతట తాను చెప్పిన క్షమకు పోలిక లేదు. మొదటిది దెబ్బలకు మరో పేరు. నేరస్తుడికి సాయపడటమంటే అతని నేరాన్ని దాచడమని, లేదా అతన్ని మళ్ళీ అదే ఇంట్లోకి పంపడమని అర్థం కాదు. పౌలు ఒనేసిమును పంపింది ఉత్తరంతో, పూచీతో. ఫిలేమోను నష్టాన్ని ఆ ఉత్తరం కప్పిపుచ్చలేదు.

గేటు బయట

ఇక మిగిలింది రోజువారీ పని. అది నాటకీయంగా ఉండదు. కేరళలో 1981లో సెమినరీ విద్యార్థుల చొరవతో మొదలైన ప్రిజన్ మినిస్ట్రీ ఇండియా తర్వాత దేశమంతటా విస్తరించింది. వాళ్ళ కార్యకర్తలు జైళ్ళకు వెళ్ళి ఖైదీలతో మాట్లాడతారు, పిల్లల చదువు చూస్తారు, విడుదలైనవారికి ఆశ్రయం ఇచ్చే ఇళ్ళు నడుపుతారు. రాణి మరియా కుటుంబం చేసినదానితో పోలిస్తే ఇది చిన్న పనిగా కనిపించవచ్చు. కానీ ప్రతి ఖైదీకీ ఒక సెల్మీ పాల్ దొరకదు. ఈ చిన్న పనే దొరుకుతుంది.

ప్రభుత్వాలకూ దారులు తెలియకపోలేదు. మొదటిసారి తప్పు చేసినవారిని జైలుకు పంపకుండా పర్యవేక్షణలో ఉంచే ప్రొబేషన్ చట్టం 1958 నుంచే ఉంది. అనంతపురంలో ఖైదీల వ్యవసాయ క్షేత్రం దశాబ్దాలుగా నడుస్తోంది. తెలుగు రాష్ట్రాల జైళ్ళ శాఖలు పెట్రోల్ బంకులు పెట్టి ఖైదీల చేత నడిపించాయి. తెలంగాణలో విడుదలైనవారికీ వాటిలో పని చూపించారు. డబ్బు లెక్కపెట్టే పనిని నేరం చేసి వచ్చినవాడి చేతిలో పెట్టడం వట్టి ఉపాధి పథకం కాదు. నిన్ను నమ్ముతున్నామని నలుగురి ముందూ చెప్పడం. బంకులో పెట్రోలు పోయించుకునే జనం కూడా తెలియకుండానే ఆ నమ్మకంలో భాగస్వాములవుతారు.

లాజ్‌పోర్ జైల్లో సాన నేర్చినవాడికి కొరవడింది ఇలాంటి పూచీయే. చర్చి పెద్ద కావచ్చు, గుడి ధర్మకర్త కావచ్చు, పద్మశాలి సంఘం నాయకుడు కావచ్చు, ఒక కార్ఖానా యజమాని దగ్గరికి వెళ్ళి ఇతను పొట్లం ఎత్తుకుపోతే నష్టం నాదని చెప్పాలి. అలా చెప్పినవాళ్ళలో కొందరు మోసపోతారు కూడా. జైలు నుంచి వచ్చినవాళ్ళంతా సముందర్ సింగ్‌లు కారు. మళ్ళీ దొంగతనం చేసేవాళ్ళుంటారు, తమ తప్పే లేదనేవాళ్ళుంటారు. అందుకే పూచీ ఎప్పుడూ నష్టభయంతో కూడిన బేరమే.

ఫిలేమోను ఏం చేశాడో బైబిల్ చెప్పలేదు. అతని జవాబు ఎక్కడా దొరకలేదు. ఒనేసిమును చేర్చుకున్నాడా, గొలుసులు వేశాడా అన్నది పండితులు నేటికీ చర్చించుకుంటారు. మనకు మిగిలింది పూచీ పడినవాడి సంతకం ఒక్కటే.